‘కష్టపడి పనిచేస్తాను’ అన్న మాట కొట్టేశాక

రాత్రి ఏడు దాటింది. జనవరి మొదటి వారం. జహీరాబాద్ బస్టాండుకు కాస్త దూరంలో ఉన్న ఈ జిరాక్స్ షాపు షట్టరు చలిగాలికి సగం దించారు. లోపల రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, లామినేషన్ మిషను వేడెక్కిన వాసన. ఆ స్టూలు ఇటు జరుపుకొని మీరూ కూర్చోండి. ఈ రాత్రి ఇక్కడ ఒక ఉత్తరం తయారవుతుంది.

బయట చెరుకు బండ్లు పోతున్నాయి. ట్రాలీకి మించి పేర్చిన గడల చివర్లు రోడ్డును రాసుకుంటూ గరగరమంటున్నాయి. గానుగ సీజన్‌లో ఈ ఊరి రాత్రులకు ఆ చప్పుడు మామూలే. ఇంకాస్త అవతల 65వ నంబరు జాతీయ రహదారి. ఇటు హైదరాబాద్ నూరు కిలోమీటర్ల దూరం, అటు బీదర్ ముప్పై కిలోమీటర్లు. పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని పాత నంబరుతో నైన్ నంబర్ రోడ్డు అనే అంటారు. షాపు కుర్రాడు ఒకరితో ఉర్దూలో, ఒకరితో కన్నడంలో, మాతో తెలుగులో మాట్లాడుతూ ఆధార్ కార్డులు జిరాక్స్ తీస్తున్నాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయికి ఇరవై ఒకటో ఏడు. మెకానికల్ డిప్లొమా అయిపోయింది. ట్రాక్టర్ హైడ్రాలిక్ భాగాలు చేసే ఒక కంపెనీ క్వాలిటీ విభాగంలోకి ట్రైనీలను తీసుకుంటోంది. రేపు సాయంత్రం ఐదింటికల్లా మెయిల్ అందాలి. బయోడేటా తయారుగా ఉంది. దానికి ముందు పెట్టే కవరింగ్ లెటరే మిగిలింది.

‘‘రాసిన సార్, చూడుండ్రి’’ అని స్క్రీన్ నా వైపు తిప్పింది.

చదివాను. ఇంగ్లీషులో ఉంది. తప్పుల్లేవు. తాను కష్టపడి పనిచేసే మనిషినని, నలుగురితో కలిసి పనిచేయగలనని, కొత్తవి త్వరగా నేర్చుకుంటానని, ప్రతిష్ఠాత్మకమైన మీ సంస్థలో ఒక్క అవకాశం ఇస్తే జీవితాంతం రుణపడి ఉంటానని రాసింది.

‘‘ఇది ఎక్కడిది బిడ్డా?’’

‘‘నెట్ల దొరికింది సార్. పేరు, కాలేజీ మార్చిన.’’

ఈ ఉత్తరం నాకు పాత పరిచయం. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. దరఖాస్తులు విప్పడం, చదవడం, రెండు దొంతులుగా విడదీయడం నా పని. మొదట కవర్లలో వచ్చేవి, తర్వాత మెయిళ్లలో. ఒక్కో ఉద్యోగానికి రెండు మూడు వందలు. ఒక్కో ఉత్తరానికి నేను ఇచ్చిన సమయం చెప్తే మీరు బాధపడతారు. అర నిమిషం దాటేది కాదు. ఆ అర నిమిషంలో కళ్లు వెతికేది ఒక్కటే. ఈ మనిషి ఇంతకు ముందు ఏం చేశాడు, అది మా పనికి పనికొస్తుందా? కష్టపడతానన్న మాట ప్రతి ఉత్తరంలోనూ ఉండేది. అందుకే నా కళ్లు ఆ మాట మీద ఆగేవి కావు.

ఒక రోజు మా కంప్రెసర్ ఆగిపోయింది. బయటి సర్వీసు వాళ్లు ఒక కుర్రాణ్ణి పంపారు. అతను దాని మీద చెయ్యి పెట్టి కాసేపు విని, వాల్వు ప్లేటు విప్పి, గంటలో నడిపించాడు. టీ తాగుతూ, ‘‘మీ దగ్గర రెండుసార్లు దరఖాస్తు పెట్టిన సార్’’ అన్నాడు. అతను వెళ్లాక పాత ఫైళ్లు తీశాను. రెండు ఉత్తరాలూ దొరికాయి. రెండింటి మీదా పక్కన పెట్టమన్న గుర్తు, నా చేతిరాత. ఆ రెండింటిలో కష్టపడతానన్న మాట ఉంది, రుణపడి ఉంటానన్న మాట ఉంది. కంప్రెసర్ అన్న మాట మాత్రం ఒక్కచోటా లేదు.

తప్పు నాదీ ఉంది. అడగాల్సింది, అడగలేదు. కానీ తన చేతిలో ఉన్న విద్యను కాగితం మీద పెట్టడం ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పకపోవడం నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. అందుకే ఊరికి తిరిగొచ్చాక, ఉత్తరం రాయాలని ఎవరు పిలిచినా వచ్చి కూర్చుంటున్నాను.

‘‘ఆ ఫైలు మూసెయ్యి. ఫోన్ తియ్యి’’ అన్నాను.

అమ్మాయి బిత్తరపోయి చూసింది.

‘‘ట్రైనింగ్‌ల నువ్వు చేసిన పని మీ అవ్వకు చెప్పినట్టు చెప్పు. మన మాటలనే. రికార్డింగ్ పెట్టు.’’

అవ్వ పేరెత్తగానే ఆమె మొహం విప్పారింది. వాళ్ల అవ్వ సంఘంలో మనిషి. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో జొన్న, కొర్ర, సామ విత్తనాలు దాచిన తరం ఆమెది. ఆ సంఘాల స్త్రీలే ఇక్కడికి దగ్గర్లోని మాచ్‌నూర్‌లో సంఘం రేడియో నడిపారు. 2008 అక్టోబరు 15న అది గాల్లోకి వచ్చింది. అంతకు చాలా ఏళ్ల ముందే, యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకున్నారు. లైసెన్సు మాత్రం రాలేదు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను ఊరూరా సంఘం సమావేశాల్లో వినిపించారు. 2006లో ప్రభుత్వ విధానం మారి స్వచ్ఛంద సంస్థలకూ రేడియోకు వీలు కలిగింది. అప్పటికి ఆ స్త్రీల దగ్గర ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. వాళ్లలోని జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ రేడియోలో తమ ఊరి మాటలోనే విత్తనం గురించి, వాన గురించి, జబ్బు గురించి మాట్లాడారు. వాళ్ల మాటకు విలువ వాళ్లు చేసిన పని నుంచే వచ్చింది.

అమ్మాయి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. మొదట గొంతు తడబడింది. తర్వాత దారిన పడింది.

‘‘అవ్వా, నేను ఆరు నెలలు కంపెనీల ట్రైనింగ్ చేసిన గదా. ఆడ డ్రిల్లింగ్ మిషన్ కాడ ఉంచిండ్రు. ముక్కకు రంధ్రం వేస్తరు. రోజూ ఎనిమిది, తొమ్మిది ముక్కలు ఖరాబయ్యేటివి. రంధ్రం వంకర వస్తుండె. ఎందుకో ఎవ్వరికీ తెల్వది. నేను ఒక నోట్‌బుక్ కొనుక్కున్న. ఏ ముక్క ఏ టైముకు ఖరాబయిందో మూడు వారాలు రాసిన. చూస్తే ఎక్కువ షిఫ్టు మారినంక మొదటి గంటలనే పోతున్నయి…’’

ప్రింటరు దగ్గర కుర్రాడు ఆగి వింటున్నాడు. ఆధార్ జిరాక్స్ కోసం వచ్చిన పెద్దాయన కూడా.

‘‘…పోయేటోళ్లు మిషన్ తుడవకుండ పోతుండ్రి. ఫిక్స్చర్ కింద ఇనుప రజను మిగిలిపోతున్నది. దాని మీద ముక్క పెడితే ఇంత వంగుతది. గది నేను సూపర్‌వైజర్ సార్‌కు చూపించిన. షిఫ్టు మొదట్ల తుడిచినంకనే మిషన్ నడపాలె అని సార్ రూల్ పెట్టిండు. ఆ తర్వాత వారం రోజుకు రెండు, మూడే పోయినయి.’’

నాలుగు నిమిషాలు. రికార్డింగ్ ఆపింది.

‘‘ఈ సంగతి నీ ఉత్తరంల ఎక్కడున్నది?’’

‘‘లేదు సార్. ఇది చిన్న ముచ్చట గదా.’’

మన పిల్లలు తమ పనిని ఇంత చిన్నగా ఎందుకు చూస్తారో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. మనకు దరఖాస్తు అంటే చేతులు జోడించడం. నిజాం కాలం నుంచి కచేరీ ముందు అర్జీ రాయించుకున్న అలవాటు మనది. తమ దయ, తమ చిత్తం, ఈ పేదవాడిని కనికరించండి. పింఛను కోసం, పట్టా కోసం రాసేటప్పుడు ఆ గొంతు రావడం అర్థం చేసుకోగలను. ఉద్యోగానికి అదే గొంతుతో రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? ఈమెకు ఉద్యోగం అవసరమని తెలుస్తుంది. అది వాడికి ముందే తెలుసు. ఈమె వాళ్ల ఏ అవసరం తీరుస్తుందో మాత్రం తెలియదు.

‘‘ప్రకటన తియ్యి’’ అన్నాను. ‘‘వాళ్లు అడిగినవి ఏంది?’’

గట్టిగా చదివింది. మిషన్ షాపులో తనిఖీ చేయగలగాలి. కొలత పరికరాలు వాడటం తెలియాలి. లెక్కలు రాసి పెట్టగలగాలి. షిఫ్టుల్లో పనిచేయాలి. ఒక్కొక్కటీ చదువుతుంటే కాగితం మీద గీతలు గీశాను. ఎడమ వైపు వాళ్లు అడిగింది, కుడి వైపు ఈమె చేసింది. ‘లెక్కలు’ అన్నదానికి ఎదురుగా ‘నోట్‌బుక్, మూడు వారాలు’ అని రాశాను. ‘కొలతలు’ అన్నచోట తను వాడిన వర్నియర్, మైక్రోమీటర్, బోర్ గేజ్ పేర్లు చెప్పింది. ఉత్తరంలో ఈ కుడి పక్కదే ఉండాలి, అదీ ఎడమ పక్కదానికి జవాబుగా.

‘‘నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి పంపనా సార్?’’

‘‘వద్దు. అది నీకు నేర్పిన కంపెనీ లెక్క. వాళ్ల పార్టు నంబర్లు, డ్రాయింగ్‌లు బయటికి పోవద్దు. నువ్వేం చేసినవో చెప్పు, చాలు. ట్రైనింగ్ సర్టిఫికెట్ జత చెయ్యి. ఇంటర్వ్యూల అడిగితే ఎట్ల చేసినవో నోటితోని చెప్పు.’’

షాపు కుర్రాడు చాయ్ తెచ్చాడు. రహదారి మీద లారీ హారన్ సాగిపోయింది. ఈ ఊరికి బండ్ల పని కొత్త కాదు. 1980లలో ఆల్విన్, నిస్సాన్ కలిసి ఇక్కడ తేలిక ట్రక్కులు తయారుచేశాయి. తర్వాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడు ఇక్కడ ట్రాక్టర్లు తయారవుతాయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాల జాతీయ పెట్టుబడి, తయారీ జోన్ (నిమ్జ్)కు భూములు పోయిన ఊళ్ల పిల్లలు ఉద్యోగాల కోసం చూస్తున్నారు. ఎక్కడ ఏ ప్రకటన పడినా ఈ షాపు ముందు వరుస కడతారు. అందరి చేతుల్లోనూ ఒకే నెట్ ఉత్తరం.

అమ్మాయి చాయ్ గ్లాసు పక్కన పెట్టి మెల్లగా అడిగింది.

‘‘సార్, మూడో సెమిస్టర్ల మ్యాథ్స్ పోయింది. మళ్లీ రాసి పాసయిన. అది దాచాల్నా?’’

ఈ ప్రశ్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ అడుగుతారు. నేను వాళ్లకు ఒక మనిషి సంగతి చెప్తాను. 1912 ఫిబ్రవరి 9న మద్రాసులో ఒక యువకుడు పోర్ట్ ట్రస్ట్‌కు గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు రాశాడు. మెట్రిక్ పాసయ్యాడు. ఆ తర్వాతి ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు. ఉత్తరంలో తన ఏడుపు ఏడవలేదు. పరిస్థితుల వల్ల చదువు ముందుకు సాగలేదని ఒక్క ముక్కలో చెప్పి, ఆ తర్వాత తన కాలమంతా గణితానికే పెట్టానని రాశాడు. ఈ పని సరిగా చేయగలనన్న నమ్మకం ఉందన్నాడు. ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ సిఫారసు తోడైంది. మార్చి 1న నెలకు ముప్పై రూపాయల జీతం మీద చేరాడు. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్.

‘‘ఆయననా సార్?’’

‘‘ఆయననే. మళ్లీ ఏడాదికి, 1913 జనవరి 16న కేంబ్రిడ్జ్‌ల ఉన్న గణితజ్ఞుడు హార్డీకి ఉత్తరం రాసిండు. అంతకు ముందు అక్కడి ఇద్దరు పెద్ద గణితజ్ఞులకు రాస్తే ఏమీ కాలేదు. హార్డీ ఆగి చూసింది దేనికి? నేను గొప్పోణ్ణి అని రాసినందుకు కాదు. తను కనిపెట్టిన సిద్ధాంతాలు పేజీలకు పేజీలు ఉత్తరంతో జత పెట్టిండు. హార్డీ రాత్రిదాకా తోటి గణితజ్ఞుడు లిటిల్‌వుడ్‌తోని కూర్చొని వాటిని చూసిండు.’’

ఆమె కాసేపు ఏమీ అనలేదు.

‘‘నీ బ్యాక్‌లాగ్ మెమోల ఉండనే ఉన్నది. వాళ్లు చూస్తరు. ఒక్క వాక్యంల నువ్వే చెప్పి ముందుకు పో. ఆ వాక్యం కాడ ఆగి ఏడవకు.’’

ఇక రాయడం మొదలుపెట్టింది. ముందు తెలుగులో రాయమన్నాను. ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది. మొదటే ఇంగ్లీషులో మొదలుపెడితే వేళ్లు వాటంతటవే నెట్ ఉత్తరంలోకి జారిపోతాయి. సొంత మాటలో ఆ అరువు వాక్యాలు ఇమడవు. మన ఊరి మాటలో అవ్వతో ‘‘ప్రతిష్ఠాత్మకమైన మీ సంస్థ’’ అని ఎవరంటారు?

ఇదిగో, స్క్రీన్ మీద తయారవుతోంది. మీరూ చదవండి.

*క్వాలిటీ విభాగం మేనేజర్ గారికి,*

*డిప్లొమా ట్రైనీ (క్వాలిటీ) ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. మిషన్ షాపులో తనిఖీ చేసి లెక్కలు రాసిపెట్టగల మనిషి కావాలని మీ ప్రకటనలో అన్నారు. ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌లో నేను చేసింది ఆ పనే.*

*డ్రిల్లింగ్ దగ్గర రోజుకు ఎనిమిది, తొమ్మిది ముక్కలు రిజెక్ట్ అయ్యేవి. మూడు వారాల పాటు ఏ ముక్క ఏ గంటకు పోయిందో రాసుకున్నాను. ఎక్కువ భాగం షిఫ్టు మారిన మొదటి గంటలోనే పోతున్నట్టు తేలింది. ఫిక్స్చర్ కింద మిగిలిన ఇనుప రజను వల్ల ముక్క ఒరిగి బిగుస్తోంది. ఆ లెక్క చూపించాక, షిఫ్టు మొదట్లో ఫిక్స్చర్ తుడవాలని సూపర్‌వైజర్ నియమం పెట్టారు. తర్వాతి వారం రిజెక్షన్లు రోజుకు రెండు, మూడుకు తగ్గాయి. వర్నియర్, మైక్రోమీటర్, బోర్ గేజ్ రోజూ వాడాను.*

*మీరు తయారుచేసే ట్రాక్టర్ హైడ్రాలిక్స్ మా ఇంట్లో రోజూ వాడే వస్తువు. దుక్కి సమయంలో మా ట్రాక్టర్ లిఫ్టు ఎత్తినచోట నిలవకుండా దిగిపోయినప్పుడు, సిలిండర్ విప్పి రెండుసార్లు ఓ-రింగ్ మార్చాను. చిన్న రబ్బరు రింగు పాడైతే ఒక రైతుకు ఒక రోజు దుక్కి పోతుందని నాకు తెలుసు.*

*మూడో సెమిస్టర్‌లో గణితం తప్పి, తర్వాతి పరీక్షలో పాసయ్యాను. డిప్లొమా పూర్తయింది. ఏ షిఫ్టుకైనా రాగలను. ఫిబ్రవరి 1 నుంచి చేరగలను. బయోడేటా, ట్రైనింగ్ సర్టిఫికెట్ జతచేశాను.*

చివర పేరు, ఫోన్ నంబరు.

ఒక పేజీకి లోపలే ఉంది. కష్టపడతానన్న మాట ఎక్కడా లేదు. మూడు వారాల నోట్‌బుక్ ఆ మాట చెప్తుంది. త్వరగా నేర్చుకుంటానన్న మాట కూడా లేదు. షిఫ్టు మొదటి గంటను పట్టుకున్న మనిషికి ఆ మాట అక్కర్లేదు.

ఇంగ్లీషులోకి మార్చడానికి ముప్పావుగంట పట్టింది. పెద్ద మాటలు వచ్చిన ప్రతిచోటా చిన్న మాట పెట్టాం. ఫైలుకు ‘లెటర్ ఫైనల్ 2’ అని పెట్టబోతే ఆపి, ఆమె పేరు, ఉద్యోగం పేరు పెట్టించాను. అవతల వందల ఫైళ్లలో అది వెతికితే దొరకాలి. మెయిల్ విషయం దగ్గరా అదే. ఖాళీగా వదిలిన మెయిళ్లు ఎన్ని తెరవకుండా ఉండిపోయాయో నాకు తెలుసు. పీడీఎఫ్ చేసి, ఒకసారి ఫోన్‌లో తెరిచి చూసుకుంది. ఫోన్ నంబరులో ఒక అంకె తారుమారైంది. దిద్దింది.

బయట ట్రాక్టర్ వచ్చి ఆగింది. ఖాళీ ట్రాలీ. ఫ్యాక్టరీలో చెరుకు దించి వాళ్ల నాయిన వచ్చాడు, బిడ్డను ఇంటికి తీసుకుపోవడానికి. తలకు మఫ్లరు, చేతులకు చెరుకు జిగురు. షట్టరు కింద వంగి లోపలికి వచ్చి, నమస్తే సార్ అని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

‘‘పంపే ముందు నాయినకు చదివి వినిపించు’’ అన్నాను. ‘‘తెలుగుది.’’

సిగ్గుపడుతూనే చదివింది. ఆయన కళ్లు నేల మీద పెట్టి విన్నాడు. నోట్‌బుక్ దగ్గర తల ఊపాడు. మ్యాథ్స్ దగ్గర కదలలేదు. ట్రాక్టర్ దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తాడు.

‘‘రెండుసార్లు అన్నవా?’’

‘‘అవు నాయినా.’’

‘‘మొదటిసారి మెకానిక్ మార్చిండు బిడ్డా. నువ్వు టార్చి పట్టుకున్నవ్. రెండోసారి నువ్వు మార్చినవ్.’’

షాపులో ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి మొహం ఎర్రబడింది. ‘‘మర్చిపోయిన’’ అంది. అబద్ధం ఆడాలని రాయలేదు. చెప్పుకుంటూ పోతే ఒకటి రెండు కావడం ఎవరికైనా జరిగేదే. కానీ అవతల ఇంటర్వ్యూలో ఎవరైనా హైడ్రాలిక్స్ తెలిసిన మనిషి, మొదటిసారి ఎలా విప్పావమ్మా అని అడిగితే, ఆ ఒక్క అంకె దగ్గర మిగతా ఉత్తరమంతా అనుమానంలో పడేది.

నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి చెప్పాడు.

అమ్మాయి కుర్చీ ముందుకు లాక్కుంది. పీడీఎఫ్ మూసి, మళ్లీ మొదటి ఫైలు తెరిచింది. కర్సర్‌ను ‘రెండుసార్లు’ దగ్గరికి తెచ్చి, ఒక్కో అక్షరం చెరిపింది. ఆగి ఆలోచించింది. తర్వాత టైపు చేసింది.

*మొదటిసారి మెకానిక్ ఓ-రింగ్ మారుస్తుంటే టార్చి పట్టుకుని చూశాను. రెండోసారి నేనే మార్చాను.*

‘‘ఇట్ల ఉండొచ్చా సార్?’’

ఎదురుగా ఉన్న వాక్యంలో ఆమె చూసి నేర్చుకోవడం ఉంది, నేర్చుకున్నది చేయడం ఉంది. ట్రైనీగా ఎవరిని తీసుకోవాలో వెతికే మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

‘‘ఇట్లనే ఉండాలె’’ అన్నాను.

ఇంగ్లీషుదీ దిద్దింది. పీడీఎఫ్ మళ్లీ చేసింది. మెయిల్ పోయింది. తొమ్మిదిన్నర. షాపు కుర్రాడు షట్టరు పైకెత్తాడు. చలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. తండ్రి ఇంజను స్టార్ట్ చేశాడు. అమ్మాయి మడ్‌గార్డ్ మీద ఎక్కి కూర్చుంది. ఒడిలో ఫైలు కవరు. అందులో ఉత్తరం ప్రింటు. రెండు కాపీలు తీయించుకుంది, ఒకటి తనకు, ఒకటి అవ్వకు. అవ్వది తెలుగులో.